వస్త్రంలో లోపాన్ని పట్టే కెమెరా: ఇమేజ్ సెన్సర్‌ను ఎలా ఎంచుకోవాలి?

సూరత్ నగరంలో తాపీ నదికి ఉత్తర తీరాన ఉన్న అమ్రోలి మరమగ్గాల ప్రాంతం. ఇక్కడి మగ్గాలపై పనిచేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవారు అధికం. ఆ జిల్లా మన శ్రీకాకుళానికి పొరుగునే ఉంది. బరంపురం పరిసరాల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఇదే నగరంలోని లింబాయత్ వంటి చోట్ల తెలంగాణ జిల్లాల నుంచి తరలివెళ్లిన పద్మశాలి కుటుంబాలు దశాబ్దాలుగా నివసిస్తున్నాయి.

ఈ మగ్గాలపై నేసేవారికి కూలీ సాధారణంగా మీటర్ల లెక్కన అందుతుంది. నేసిన తానును తనిఖీ బల్లపై లాగుతూ, వెలుతురులో కంటితో పరిశీలించి లోపాలను గుర్తించడం పాత పద్ధతి. తెగిన పడుగు పోగు, తప్పిన పేక, నూనె మరక, ముడి... వీటిని గంటల తరబడి వెతికే కన్ను అలసిపోతుంది. ఆ పనిని కెమెరాకు అప్పగించాలన్న ఆలోచన అక్కడే పుడుతుంది.

అయితే కెమెరా కొనేవారు మొదట అడిగే ప్రశ్న చాలాసార్లు ఒక్కటే: 'ఎన్ని మెగాపిక్సెళ్లు?' నిజానికి అది చివర అడగవలసిన ప్రశ్న. ఎంత చిన్న లోపం కనిపించాలి, వస్త్రం ఎంత వేగంగా కదులుతుంది, ఎంత వెలుతురు అందుతుంది అన్న మూడింటికీ జవాబు దొరికితే, ఎన్ని పిక్సెళ్లు కావాలో లెక్కే చెబుతుంది.

ఈ ఎంపికలో పొరపాటు జరిగితే నష్టం యజమానితో ఆగదు. సెన్సర్ లోపాన్ని చూడలేకపోతే సరకు తిరిగివస్తుంది. లేని లోపాన్ని చూపిస్తే, ఆ తప్పు మగ్గం ముందు నిలబడిన మనిషి లెక్కలో పడే ప్రమాదం ఉంది.

ఇమేజ్ సెన్సర్ అంటే ఏమిటి?

కెమెరాలో లెన్సు వెనుక ఉండే సిలికాన్ పలకే ఇమేజ్ సెన్సర్. దానిపై లక్షలాది సూక్ష్మమైన గదులు వరుసలుగా ఉంటాయి. వాటినే పిక్సెళ్లు అంటారు. పిక్సెల్‌పై పడిన కాంతి ఎలక్ట్రాన్లుగా మారుతుంది. వాటి సంఖ్యను కొలిచి, ఆ చోటు ఎంత ప్రకాశవంతంగా ఉందో అంకెగా రాస్తారు.

1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ సీసీడీ అనే పరికరాన్ని రూపొందించారు. అందుకు వారికి 2009లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. 1990ల తొలినాళ్లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీలో ఎరిక్ ఫాసమ్ బృందం సీమాస్ సెన్సర్లను ముందుకు తీసుకువెళ్లింది. నేడు ఫోన్లలోనూ, పరిశ్రమల్లో వాడే కెమెరాల్లోనూ అధికంగా ఉన్నవి సీమాస్ సెన్సర్లే. కొత్తగా కొనేవారు సీసీడీ కోసం వెతకవలసిన అవసరం దాదాపుగా లేదు.

మొదటి ప్రశ్న: ఎంత చిన్న లోపం కనిపించాలి?

లోపం ఒకే ఒక్క పిక్సెల్‌పై పడితే అది లోపమో, సెన్సర్‌లో పుట్టిన అలజడో తేల్చలేం. అందుకే పట్టుకోవలసిన అతి చిన్న లోపం కనీసం 3 పిక్సెళ్ల మేర పరచుకోవాలన్నది ఆచరణలో ఉన్న సూత్రం.

ఒక ఉదాహరణ చూద్దాం. వస్త్రం వెడల్పు 1,200 మి.మీ. అనుకుందాం. పడుగు పోగు తెగినచోట 0.3 మి.మీ. వెడల్పున సన్నని గీత ఏర్పడుతుంది. అది 3 పిక్సెళ్లలో పడాలంటే ఒక్కో పిక్సెల్ వస్త్రంపై 0.1 మి.మీ. చోటును చూడాలి. అంటే వెడల్పు మొత్తానికి 12,000 పిక్సెళ్లు కావాలి.

సోనీ తయారుచేసే ఐఎంఎక్స్264 వంటి 5 మెగాపిక్సెళ్ల సెన్సర్‌లో అడ్డంగా 2,448 పిక్సెళ్లు ఉంటాయి. అది 245 మి.మీ. వెడల్పును మాత్రమే చూడగలదు. కెమెరాల చూపు అంచుల వద్ద కొంత ఒకదానిపై ఒకటి పడాలి కాబట్టి, మొత్తం వెడల్పుకు ఆరు కెమెరాలు అవసరమవుతాయి.

కొనేవాడు 0.6 మి.మీ. కన్నా చిన్న లోపాన్ని పట్టించుకోడని తేలితే 6,000 పిక్సెళ్లు చాలు. నిడివి వైపు కూడా పిక్సెళ్లు సగమవుతాయి కనుక కంప్యూటర్ పరిశీలించవలసిన సమాచారం నాలుగో వంతుకు తగ్గుతుంది. అందువల్ల కెమెరా విక్రేతతో మాట్లాడే ముందు వస్త్రం కొనేవారితో మాట్లాడడం మేలు.

లోపాలను లెక్కించడానికి వస్త్ర వ్యాపారంలో 4 పాయింట్ల విధానం ప్రచారంలో ఉంది. ఏఎస్‌టీఎం డీ5430 ప్రమాణంలో ఇది ఒకటి. 3 అంగుళాల లోపు లోపానికి 1 పాయింటు, 3 నుంచి 6 అంగుళాలకు 2, 6 నుంచి 9 అంగుళాలకు 3, అంతకు మించితే 4 పాయింట్లు వేస్తారు. ఈ విధానం లోపం నిడివిని చూస్తుంది. కెమెరా మాత్రం దాన్ని ముందుగా వెడల్పులో గుర్తించాలి. పిక్సెళ్ల లెక్కకు ఆధారం కావలసింది లోపం సన్నదనమే, నిడివి కాదు.

రెండో ప్రశ్న: వస్త్రం ఎంత వేగంగా కదులుతుంది?

తనిఖీ బల్లపై వస్త్రం నిమిషానికి 30 మీటర్ల వేగంతో సాగుతోందనుకుందాం. అంటే సెకనుకు 500 మి.మీ. సెన్సర్‌పై కాంతి పడే సమయం సెకనులో వెయ్యో వంతు అయినా, ఆలోపు వస్త్రం అర మిల్లీమీటరు జరిగిపోతుంది. 0.3 మి.మీ. గీత ఆ కదలికలో అలుక్కుపోతుంది. కదలిక సగం పిక్సెల్ దాటకూడదంటే కాంతి పడే సమయం సెకనులో పదివేల వంతుకు మించరాదు.

ఆగకుండా సాగే వస్త్రానికి లైన్ స్కాన్ సెన్సర్ చక్కగా సరిపోతుంది. ఇందులో పిక్సెళ్లు ఒకే వరుసలో ఉంటాయి. వస్త్రం జరిగేకొద్దీ వరుస తరువాత వరుసను చదువుతూ పూర్తి చిత్రాన్ని కూర్చుతుంది. పై ఉదాహరణలో సెకనుకు 5,000 వరుసలు చదవాలి. అడ్డంగా 4,096 పిక్సెళ్లున్న మూడు లైన్ స్కాన్ కెమెరాలు, లేదా 16,384 పిక్సెళ్లున్న ఒక్క కెమెరా 1,200 మి.మీ. వెడల్పును చూడగలవు.

దీనికొక షరతు ఉంది. వస్త్రం వేగం మారితే చిత్రం సాగుతుంది, లేదా కుంచించుకుపోతుంది. అందుకే రోలర్‌కు ఎన్‌కోడర్ బిగించి, వస్త్రం 0.1 మి.మీ. జరిగిన ప్రతిసారీ ఒక వరుస చదివేలా కెమెరాకు సంకేతం పంపాలి.

కెమెరాను తనిఖీ బల్లపై కాకుండా మగ్గంపైనే పెడితే లెక్క మారిపోతుంది. నిమిషానికి 600 పేకలు వేసే మగ్గంపై, సెంటీమీటరుకు 30 పేకలున్న వస్త్రం నిమిషానికి 20 సెంటీమీటర్లే ముందుకు సాగుతుంది. అంటే సెకనుకు 3.3 మి.మీ. ఇక్కడ వేగం సమస్య కాదు, సమస్య మగ్గం అదురు. సెకనుకు పదిసార్లు పడే దెబ్బకు వస్త్రం కంపిస్తూ ఉంటుంది. కాబట్టి ప్రతిసారీ మగ్గం ఒకే స్థితిలో ఉన్న క్షణాన చిత్రం తీసేలా అమర్చుకోవాలి.

మగ్గంపై కెమెరా వల్ల మరో మేలుంది. నిమిషానికి 20 సెంటీమీటర్లంటే గంటకు 12 మీటర్లు. ఒక లోపం 12 గంటల షిఫ్టు అంతా కొనసాగితే 144 మీటర్ల వస్త్రం పాడవుతుంది. తనిఖీ బల్ల ఆ నష్టాన్ని లెక్కించగలదు. మగ్గంపైని కెమెరా దాన్ని మొదట్లోనే ఆపగలదు.

గ్లోబల్ షట్టరా, రోలింగ్ షట్టరా?

గ్లోబల్ షట్టర్ ఉన్న సెన్సర్‌లో పిక్సెళ్లన్నీ ఒకే క్షణంలో కాంతిని గ్రహిస్తాయి. రోలింగ్ షట్టర్‌లో పై వరుస ముందు, కింది వరుస తరువాత గ్రహిస్తాయి. మొదటి వరుసకూ చివరి వరుసకూ మధ్య సెకనులో 50వ వంతు తేడా ఉంటే, సెకనుకు 500 మి.మీ. సాగే వస్త్రం ఆలోపు 10 మి.మీ. జరుగుతుంది. నిలువు కొలతలు తప్పుతాయి, అడ్డంగా సాగే వస్తువైతే చిత్రం వాలిపోతుంది. కదిలే వస్తువుకు గ్లోబల్ షట్టర్ మేలన్నది అందుకే.

అయితే ప్రతి పనికీ అది అవసరం లేదు. నదికి ఆవలి ఒడ్డున కతార్‌గామ్‌లో వజ్రాలు సానబట్టే కార్ఖానాలున్నాయి. వజ్రాన్ని స్థిరంగా నిలిపి చూసేటప్పుడు రోలింగ్ షట్టర్ వల్ల నష్టం లేదు. 2.4 మైక్రాన్ల పిక్సెళ్లతో 20 మెగాపిక్సెళ్లు అందించే ఐఎంఎక్స్183 వంటి రోలింగ్ షట్టర్ సెన్సర్ అక్కడ ఉపయోగపడవచ్చు. అదే సెన్సర్‌ను కదిలే వస్త్రం ముందు పెడితే, అన్ని పిక్సెళ్లున్నా ఫలితం నిరాశే.

మధ్యే మార్గం కూడా ఉంది. చుట్టూ చీకటి చేసి, అన్ని వరుసలూ కాంతిని గ్రహించే స్థితిలో ఉన్నప్పుడే క్షణకాలం దీపాన్ని మెరిపిస్తే, రోలింగ్ షట్టర్ కూడా కదలికను నిలిపి చూపగలదు. పగటి వెలుగు పడే షెడ్డులో మాత్రం ఈ ఉపాయం సాగదు.

మూడో ప్రశ్న: ఎంత వెలుతురు అందుతుంది?

కాంతి వానచినుకుల వంటిది. ఒకే పరిమాణంలోని పాత్రలను వానలో ఉంచినా, అన్నింటిలోనూ సమానంగా చినుకులు పడవు. పిక్సెల్‌లో చేరే ఎలక్ట్రాన్ల సంఖ్యలోనూ అటువంటి హెచ్చుతగ్గులుంటాయి. వాటి పరిమాణం ఆ సంఖ్యకు వర్గమూలం. 10,000 ఎలక్ట్రాన్లు చేరితే హెచ్చుతగ్గు 100, అంటే 1 శాతం. 1,000 మాత్రమే చేరితే హెచ్చుతగ్గు దాదాపు 32, అంటే 3 శాతానికి పైనే.

తెల్లని గ్రే వస్త్రంపై పలుచని నూనె మరక చుట్టూ ఉన్న చోటు కన్నా 3 శాతమే ముదురుగా ఉందనుకుందాం. పిక్సెల్‌లో 10,000 ఎలక్ట్రాన్లు చేరితే మరక తేడా 300, అలజడి 100. మరక తేలికగా కనిపిస్తుంది. 1,000 మాత్రమే చేరితే తేడా 30, అలజడి 32. ఆ ఒక్క పిక్సెల్‌ను చూసి మరక ఉందని చెప్పడం అసాధ్యం.

తప్పుడు లోపాలు పుట్టేది ఇక్కడే. పై ఉదాహరణలో సెకనుకు 12,000 పిక్సెళ్ల వరుసలు 5,000 చదువుతున్నాం. అంటే సెకనుకు 6 కోట్ల పిక్సెళ్లు. అలజడికి మూడు రెట్లు ముదురుగా కనిపించిన ప్రతి పిక్సెల్‌నూ లోపంగా పరిగణిస్తే, లోపమే లేని వస్త్రంలోనూ వెయ్యింటికి ఒకటి కన్నా కొంచెం ఎక్కువ పిక్సెళ్లు ఆ హద్దు దాటుతాయి. సెకనుకు సుమారు 80,000 తప్పుడు హెచ్చరికలన్నమాట. పక్కపక్కనే ఉన్న అనేక పిక్సెళ్లు కలిసి ముదురుగా ఉంటేనే లోపమని నమ్మేలా సాఫ్ట్‌వేర్‌ను అమర్చవలసింది అందుకే.

పెద్ద పిక్సెల్ ఎక్కువ కాంతిని పడుతుంది. 3.45 మైక్రాన్ల పిక్సెల్ కన్నా 5.86 మైక్రాన్ల పిక్సెల్ వైశాల్యం దాదాపు మూడు రెట్లు. లెన్సు ద్వారం ఒకేలా ఉంటే దానిపై పడే కాంతి కూడా అంతే ఎక్కువ. కాంతి పడే సమయం అతి స్వల్పంగా ఉన్నచోట, మెగాపిక్సెళ్లు తక్కువైనా పెద్ద పిక్సెళ్లున్న సెన్సర్ మెరుగైన చిత్రాన్ని ఇవ్వగలదు. లేదా దీపాల శక్తిని పెంచాలి. చాలా సందర్భాల్లో ఖరీదైన సెన్సర్ కన్నా మంచి దీపం చవక.

రంగు సెన్సర్ అవసరమా?

1976లో కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేరిట పేటెంట్ వచ్చిన పద్ధతి ఇప్పటికీ రంగు సెన్సర్లలో విస్తృతంగా వాడుకలో ఉంది. ఇందులో సగం పిక్సెళ్లపై ఆకుపచ్చ, నాలుగో వంతుపై ఎరుపు, మరో నాలుగో వంతుపై నీలం వడపోతలు ఉంటాయి. ప్రతి పిక్సెల్ ఒక్క రంగునే చూస్తుంది, మిగిలిన రెండింటినీ పొరుగు పిక్సెళ్ల నుంచి అంచనా వేస్తారు. దానివల్ల సన్నని గీతల స్పష్టత తగ్గుతుంది, వడపోతలో కొంత కాంతి కూడా పోతుంది.

రంగు వేయని గ్రే వస్త్రంలో తెగిన పోగును వెతకడానికి నలుపు-తెలుపు సెన్సరే ఉత్తమం. అచ్చు వేసిన చీరలో రంగు తేడాను పట్టాలంటే మాత్రం రంగు సెన్సర్ తప్పదు. అటువంటి పనికి ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు విడివిడి వరుసలున్న లైన్ స్కాన్ సెన్సర్లు కూడా దొరుకుతాయి.

లెన్సు, కేబుల్, వేడి: మరచిపోయే మూడు విషయాలు

సెన్సర్ల కొలతలను '2/3 అంగుళం' వంటి పేర్లతో చెబుతారు. ఇది పాత టీవీ కెమెరా గొట్టాల కాలం నాటి పద్ధతి. 2/3 అంగుళం సెన్సర్ మూల నుంచి మూలకు కొలత వాస్తవానికి 11 మి.మీ. మాత్రమే. లెన్సు వేసే ప్రతిబింబం అంతకన్నా చిన్నదైతే మూలలు చీకటవుతాయి. లెన్సు కొనేటప్పుడు పేరును కాక మిల్లీమీటర్లను చూడాలి.

పిక్సెల్ ఎంత చిన్నదైనా లెన్సు అంత సన్నగా చూపగలగాలి. లెన్సు ద్వారాన్ని ఎఫ్/8 వద్ద ఉంచితే, కాంతి స్వభావం వల్లనే ఒక చుక్క సుమారు 10 మైక్రాన్ల మేర పరచుకుంటుంది. అక్కడ 2.4 మైక్రాన్ల పిక్సెళ్లు అదనంగా చూపగలిగేది స్వల్పం. ద్వారాన్ని పెద్దది చేస్తే చుక్క చిన్నదవుతుంది, కానీ వస్త్రం కొద్దిగా పైకీ కిందికీ ఆడినా చిత్రం మసకబారుతుంది.

కేబుల్ విషయానికి వస్తే, గిగాబిట్ ఈథర్‌నెట్ సెకనుకు సుమారు 115 మెగాబైట్లు మోయగలదు. 5 గిగాబిట్ల యూఎస్‌బీ 3 సుమారు 400 మెగాబైట్లు మోస్తుంది. అయితే యూఎస్‌బీ కేబుల్ కొద్ది మీటర్లకే పరిమితం, ఈథర్‌నెట్ 100 మీటర్ల వరకు వెళ్తుంది. పై ఉదాహరణలోని మూడు కెమెరాలకు కలిపి సెకనుకు 60 మెగాబైట్లు చాలు. అవసరానికి మించిన వేగానికి డబ్బు చెల్లించనక్కరలేదు.

సూరత్ వేసవిలో రేకుల షెడ్డు కింద వేడి సెన్సర్‌పైనా ప్రభావం చూపుతుంది. కాంతి లేకపోయినా సెన్సర్‌లో పుట్టే విద్యుత్ ప్రవాహం, ఉష్ణోగ్రత సుమారు 6 నుంచి 8 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ రెట్టింపవుతుంది. కాంతి పడే సమయం స్వల్పమైతే దీని ప్రభావం తక్కువే. అయినా కెమెరా వేడిని వదిలేలా లోహపు పలకకు బిగించడం మంచిది. మగ్గాల వద్ద ఎగిరే నూగు లెన్సుపై పేరుకుంటే అదీ మరకగానే కనిపిస్తుంది. రోజూ తుడిచే ఏర్పాటు ఉండాలి.

మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌ది కావడంతో సాధారణ దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. కంటికి తెలియని ఈ మిణుకు, వేగంగా చదివే సెన్సర్‌కు నలుపు-తెలుపు చారలుగా కనిపిస్తుంది. అందుకే స్థిరమైన డీసీ విద్యుత్తుతో వెలిగే ఎల్‌ఈడీలు వాడాలి.

పత్రాల్లో ఏం చూడాలి?

ప్రచార పత్రాల్లోని 'అత్యంత సున్నితం' వంటి మాటలను పోల్చలేం. యూరోపియన్ మెషిన్ విజన్ అసోసియేషన్ రూపొందించిన ఈఎంవీఏ 1288 అనే ప్రమాణం, కెమెరాల పనితీరును ఒకే పద్ధతిలో కొలిచి చెప్పడానికి వీలు కల్పిస్తుంది. విక్రేతను ఆ ప్రమాణం ప్రకారం నాలుగు అంకెలు అడగాలి:

- పడిన కాంతిలో ఎంత శాతం ఎలక్ట్రాన్లుగా మారుతుంది
- ఒక పిక్సెల్ గరిష్ఠంగా ఎన్ని ఎలక్ట్రాన్లను పట్టగలదు
- చీకటిలో సెన్సర్ సొంత అలజడి ఎన్ని ఎలక్ట్రాన్లు
- ఈ రెండింటి నిష్పత్తి, అంటే అతి వెలుగునూ అతి చీకటినీ ఒకే చిత్రంలో చూపే శక్తి ఎంత

వీటితో పాటు ఆ సెన్సర్ ఉత్పత్తి ఎంతకాలం కొనసాగుతుందో కూడా అడగాలి. సీసీడీల ఉత్పత్తిని నిలిపివేయాలని 2015లో సోనీ నిర్ణయించినప్పుడు, వాటిపై ఆధారపడిన కెమెరా తయారీదారులు కొత్త సెన్సర్లకు మారవలసివచ్చింది.

కొనే ముందు ఒక పరీక్ష

లెక్కలన్నీ కుదిరాక కూడా మిగిలే పరీక్ష ఒకటుంది. లోపాలున్న వస్త్రపు ముక్కలతో పాటు, ఏ లోపమూ లేని తాను ఒకటి విక్రేత వద్దకు తీసుకువెళ్లాలి. మొదటివాటితో కెమెరా ఎన్నింటిని పట్టిందో తెలుస్తుంది. రెండోదానితో ఎన్ని లేనిపోని లోపాలు చూపిందో తెలుస్తుంది. కొనుగోలుదారులు మొదటిదాన్ని తప్పక అడుగుతారు. నేతగానికి ముఖ్యమైనది రెండోది.

కెమెరా గుర్తించిన ప్రతి లోపం చిత్రం, వస్త్రంపై దాని స్థానంతో సహా, భద్రపరచే ఏర్పాటు ఉండాలి. కూలీలో కోత విధించే ముందు ఆ చిత్రాన్ని నేసిన మనిషికి చూపగలగాలి. చూపలేని లోపాన్ని లెక్కలో వేయకూడదు. తానులో ఆ చోటును తెరిచి, కంటితో సరిచూసుకునే అవకాశం కూడా మిగలాలి.

ఈ లెక్కలు అమ్రోలికే పరిమితం కావు. సిరిసిల్ల మరమగ్గాలకైనా ఇవే ప్రశ్నలు, ఇదే వరుస. వస్త్రం వెడల్పు, పోగు సన్నదనం, మగ్గం వేగం కాగితంపై రాసుకుని వెళ్లినవారికి సెన్సర్ ఎంపిక కష్టం కాదు. అవి లేకుండా మెగాపిక్సెళ్ల సంఖ్య చూసి కొన్నవారు, వస్త్రంలోని లోపానికి ముందు కెమెరాలోని లోపాన్ని వెతుక్కోవలసి వస్తుంది.